శరీరంలో ఆమ్లోడిపిన్ గమనం

ఆమ్లోడిపిన్ అధిక రక్తపోటుకూ, గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పికీ వాడే మందు. ఇది కాల్షియం నిరోధకాలు అనే మందుల జాతిలో డైహైడ్రోపిరిడీన్ శాఖకు చెందినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించే అత్యవసర మందుల జాబితాలో దీనికి స్థానం ఉంది. రోజుకు ఒక్క మాత్ర వేసుకుంటే చాలు. ఆ ఒక్క మాత్రే ఎందుకు చాలుతుంది, వేసుకున్న మొదటి రోజునే రక్తపోటు ఎందుకు తగ్గదు, మానేసిన మరునాడే ఎందుకు పెరగదు అన్న ప్రశ్నలకు సమాధానం ఈ మందు శరీరంలోకి ప్రవేశించే తీరులోనూ, బయటకు పోయే తీరులోనూ ఉంది. ఒక మందు శరీరంలో చేసే ప్రయాణాన్ని శోషణ, వ్యాప్తి, జీవక్రియ, విసర్జన అనే నాలుగు అంచెలుగా విభజించి అధ్యయనం చేస్తారు. ఈ అధ్యయనానికి ఔషధ గమనశాస్త్రం అని పేరు. ఈ వ్యాసంలో ఆమ్లోడిపిన్ విషయంలో ఆ నాలుగు అంచెలూ వివరించబడ్డాయి.

చరిత్ర

ఆమ్లోడిపిన్‌ను ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, శాండ్‌విచ్ అనే ఊరిలో ఉన్న ఫైజర్ కంపెనీ పరిశోధనాలయంలో సైమన్ కేంప్‌బెల్ తదితర రసాయన శాస్త్రవేత్తలు రూపొందించారు. అంతకు ముందే వాడుకలో ఉన్న నిఫెడిపిన్ అనే మందు ఇదే జాతికి చెందినది. నిఫెడిపిన్ గుళిక వేగంగా రక్తంలో కలిసి, రక్తపోటును ఒక్కసారిగా దించి, కొద్ది గంటలలోనే శరీరం నుండి పోయేది. దాని అర్ధాయువు సుమారు రెండు గంటలు మాత్రమే. అందుచేత రోజుకు మూడు సార్లు వేసుకోవలసి వచ్చేది. రక్తపోటు అకస్మాత్తుగా పడిపోతే మెదడుకూ గుండెకూ రక్తం చాలక ప్రమాదం కలుగుతుందని వైద్యులు గ్రహించిన తరువాత, 1990 దశకంలో నిఫెడిపిన్ గుళికను నాలుక కింద పిండే అలవాటును వదిలివేయవలసిందిగా హెచ్చరికలు వెలువడ్డాయి. నెమ్మదిగా ఎక్కి, నెమ్మదిగా దిగే మందు కావాలన్న అవసరం నుండి పుట్టినదే ఆమ్లోడిపిన్. ఇది 1990లో వాడుకలోకి వచ్చింది. అమెరికాలో 1992లో అనుమతి పొంది, నార్వాస్క్ అనే పేరుతో అమ్ముడయింది.

ఈ మందు చరిత్రలో హైదరాబాదుకు కూడా పాత్ర ఉంది. 1984లో కల్లం అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ సంస్థ భారతదేశంలో స్టామ్లో అనే పేరుతో ఆమ్లోడిపిన్ మాత్రలను అమ్ముతోంది. అమెరికాలో ఫైజర్ అమ్మే మాత్ర ఆమ్లోడిపిన్ బెసిలేట్ అనే లవణం కాగా, డాక్టర్ రెడ్డీస్ ఆమ్లోడిపిన్ మాలియేట్ అనే వేరొక లవణంతో ఆ దేశపు విపణిలో ప్రవేశించాలని ప్రయత్నించి, 2003లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతిని సంపాదించింది. అయితే 2004లో అక్కడి అప్పీలు న్యాయస్థానం, పొడిగించిన పేటెంటు ఆమ్లోడిపిన్‌కు సంబంధించిన లవణాలన్నిటికీ వర్తిస్తుందని తీర్పు చెప్పడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. 2007లో అమెరికాలో కూడా చవక మాత్రలు వచ్చాయి.

రసాయన స్వభావం

ఆమ్లోడిపిన్ అణువులో 20 కర్బనం, 25 ఉదజని, 2 నత్రజని, 5 ఆమ్లజని, 1 క్లోరిన్ పరమాణువులు ఉంటాయి. అణుభారం సుమారు 409. ఈ అణువుకు ఒక పక్క అమైనో గుంపు ఉన్న తోక ఉంటుంది. శరీరంలో ఉండే స్వల్ప క్షార వాతావరణంలో ఈ తోక ధన విద్యుదావేశాన్ని పొందుతుంది. నిఫెడిపిన్ అణువుకు ఈ తోక లేదు. కణాల పైపొరలోని ఫాస్ఫోలిపిడ్లు ఋణ ఆవేశం కలిగిన చోట ఈ తోక అంటుకొనిపోతుంది. ఆమ్లోడిపిన్ నిదానానికి మూలకారణం ఇదే.

మాత్రలో ఉండేది ఒంటరి ఆమ్లోడిపిన్ కాదు, దాని బెసిలేట్ లవణం. మొదట్లో మాలియేట్ లవణంతో మాత్రలు చేసినపుడు అవి యంత్రపు అచ్చులకు అంటుకొనేవి. నిల్వలో రసాయనికంగా చెడిపోయేవి కూడా. అందుచేత బెసిలేట్‌ను ఎంచుకున్నారు. సుమారు 6.9 మి.గ్రా. బెసిలేట్ లవణంలో 5 మి.గ్రా. ఆమ్లోడిపిన్ ఉంటుంది. మాత్ర అట్ట మీద రాసే 5 మి.గ్రా. అనేది లవణం బరువు కాదు, అసలు మందు బరువు.

ఆమ్లోడిపిన్ అణువు కుడిచేయి, ఎడమచేయి వలె ఒకదానికొకటి ప్రతిబింబాలైన రెండు రూపాలలో ఉంటుంది. మామూలు మాత్రలో ఈ రెండూ సమపాళ్లలో ఉంటాయి. కాల్షియం మార్గాలను మూసే శక్తి వీటిలో ఎస్ అనే రూపానికి మాత్రమే ఉంది. భారతదేశంలో ఎస్-ఆమ్లోడిపిన్ పేరుతో ఆ ఒక్క రూపం మాత్రమే ఉన్న మాత్రలు కూడా దొరుకుతాయి. 2.5 మి.గ్రా. ఎస్-ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. మామూలు ఆమ్లోడిపిన్‌తో సమానం. మందుల దుకాణంలో ఒకదానికి బదులుగా మరొకటి ఇచ్చినపుడు ఈ తేడాను గమనించకపోతే మోతాదు సగమో, రెట్టింపో అయ్యే ప్రమాదం ఉంది.

పనిచేసే విధానం

రక్తనాళాల గోడలలో నునుపు కండరాలు ఉంటాయి. ఈ కండర కణాలలోకి కాల్షియం ప్రవేశించినపుడు అవి బిగుసుకొని నాళం ఇరుకవుతుంది. ఆమ్లోడిపిన్ ఈ కాల్షియం ప్రవేశించే మార్గాలను మూసివేస్తుంది. కండరం సడలి, నాళం వెడల్పయి, రక్తపోటు తగ్గుతుంది. ఈ ప్రభావం ముఖ్యంగా చిన్న ధమనుల మీద కనబడుతుంది. ఆమ్లోడిపిన్ ఈ మార్గాలకు నెమ్మదిగా అతుక్కొని, నెమ్మదిగా విడివడుతుంది.

శోషణ

నోటి ద్వారా తీసుకున్న మాత్ర జీర్ణాశయంలో కరిగి, మందు చిన్నప్రేగుల గోడ గుండా రక్తంలోకి చేరుతుంది. ప్రేగుల నుండి వచ్చే రక్తమంతా నేరుగా గుండెకు పోదు. కాలేయ నిర్వాహక సిర ద్వారా మొదట కాలేయానికి చేరుతుంది. చాలా మందులను కాలేయం ఈ మొదటి దాటింపులోనే విరగగొట్టివేస్తుంది. ఇదే జాతికి చెందిన ఫెలోడిపిన్ ఈ సుంకం చెల్లించిన తరువాత సుమారు 15 నుండి 20 శాతం మాత్రమే మిగులుతుంది. ఆమ్లోడిపిన్‌ను కాలేయం నిదానంగా మాత్రమే పట్టుకోగలదు. అందుచేత మింగిన మందులో 64 నుండి 90 శాతం దాకా శరీరమంతా తిరిగే రక్తంలోకి చేరుతుంది. ఈ నిష్పత్తిని జీవ లభ్యత అంటారు.

రక్తంలో మందు సాంద్రత గరిష్ఠ స్థాయికి చేరడానికి 6 నుండి 12 గంటలు పడుతుంది. ఉదయం 8 గంటలకు మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం 2 గంటలకూ, రాత్రి 8 గంటలకూ మధ్య ఎప్పుడో శిఖరాన్ని చేరుతుందన్నమాట. అందుచేత ఆమ్లోడిపిన్ అప్పటికప్పుడు రక్తపోటును దించే అత్యవసర మందు కాదు. తల తిరుగుతోందనో, యంత్రం పెద్ద అంకె చూపిందనో గంటకొక మాత్ర చొప్పున వేసుకుంటే, వాటి ప్రభావమంతా ఆ రోజు చివరికి ఒక్కసారిగా కలిసివస్తుంది.

ఆహారం వల్ల ఈ శోషణలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. మాత్రను పరగడుపున వేసుకున్నా, అన్నం తిన్న తరువాత వేసుకున్నా ఒక్కటే. కడుపు మంటకు వాడే యాంటాసిడ్ మందులు కూడా దీనికి అడ్డు రావు.

వ్యాప్తి

రక్తంలో చేరిన ఆమ్లోడిపిన్‌లో 93 శాతానికి పైగా ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లను అంటిపెట్టుకొని తిరుగుతుంది. ప్రోటీన్లను విడిచి స్వేచ్ఛగా ఉన్న కొద్ది భాగమే కణజాలాలలోకి పోగలదు, పని చేయగలదు. అయితే ఆ కొద్ది భాగం బయటకు వెళ్లిన కొద్దీ ప్రోటీన్ల నుండి మరికొంత విడుదలవుతూ ఉంటుంది. ఈ విధంగా మందులో అధిక భాగం చివరకు రక్తాన్ని వదలి కణజాలాలలో స్థిరపడుతుంది.

దీనిని కొలవడానికి వ్యాప్తి ఘనపరిమాణం అనే లెక్క ఒకటి ఉంది. శరీరంలో ఉన్న మొత్తం మందును రక్తంలో కనిపించే సాంద్రతతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. ఆమ్లోడిపిన్‌కు ఇది శరీరపు బరువులో ఒక్కొక్క కిలోగ్రాముకు సుమారు 21 లీటర్లు. 60 కిలోల మనిషికి లెక్క కడితే 1,260 లీటర్లు అవుతుంది. మనిషి శరీరంలో ఇంత ద్రవం ఉండడానికి వీలులేదు. మొత్తం రక్తమే ఐదు లీటర్లు. ఇది నిజమైన ఘనపరిమాణం కాదు. రక్తంలో కనిపించే మందు సముద్రంలో తేలే మంచుకొండ కొన వంటిదనీ, అసలు నిల్వ కణజాలాలలో దాగి ఉందనీ ఈ సంఖ్య చెబుతోంది. కాలేయం, మూత్రపిండాలు మందును తొలగించగలిగేది రక్తంలో నుండి మాత్రమే కనుక, కణజాలాలలో దాక్కున్న మందు వాటికి అందదు. రక్తంలో తగ్గిన కొద్దీ కణజాలాల నుండి మరికొంత ఊరుతూ వస్తుంది.

జీవక్రియ

ఆమ్లోడిపిన్‌లో సుమారు 90 శాతాన్ని కాలేయం పని చేయని పదార్థాలుగా మారుస్తుంది. ఈ పనికి ముఖ్యమైన ఎంజైము సిప్ 3ఏ4. మనం వాడే మందులలో చాలా వాటిని విరిచేది ఈ ఎంజైమే. ఇది మొదట ఆమ్లోడిపిన్ అణువులోని డైహైడ్రోపిరిడీన్ వలయం నుండి రెండు ఉదజని పరమాణువులను తీసివేసి, దానిని పిరిడీన్ వలయంగా మారుస్తుంది. ఈ ఒక్క మార్పుతోనే అణువు కాల్షియం మార్గాలను మూసే శక్తిని కోల్పోతుంది. ఆ తరువాత పక్క తోకలోని అమైనో గుంపు, ఎస్టర్ బంధాలు తెగి, నీటిలో సులభంగా కరిగే ముక్కలు ఏర్పడతాయి.

కొన్ని మందులు కాలేయంలో మార్పు చెందిన తరువాతనే పని చేస్తాయి. లోసార్టాన్‌లో కొంత భాగం కాలేయంలో అంతకంటె శక్తిమంతమైన పదార్థంగా మారుతుంది. ఎనలాప్రిల్ కాలేయంలో ఎనలాప్రిలాట్‌గా మారే దాకా పని మొదలుపెట్టదు. ఆమ్లోడిపిన్ విషయం దీనికి విరుద్ధం. మింగిన అణువే పని చేసే అణువు. కాలేయం దానిని నిర్వీర్యం మాత్రమే చేస్తుంది.

విసర్జన

కాలేయంలో ఏర్పడిన ముక్కలను రక్తం మూత్రపిండాలకు చేరవేస్తుంది. తీసుకున్న మోతాదులో సుమారు 60 శాతం ఇటువంటి నిర్వీర్య పదార్థాలుగా మూత్రంలో పోతుంది. మార్పు చెందని ఆమ్లోడిపిన్‌గా మూత్రంలో పోయేది సుమారు 10 శాతమే. మిగిలినది మలంలో పోతుంది.

ఇక్కడ ఒక అపోహను ప్రస్తావించాలి. రక్తపోటు మందులు దీర్ఘకాలం వాడితే మూత్రపిండాలు పాడవుతాయని చాలామంది భయపడి మాత్రలు మానేస్తారు. నిజానికి మూత్రపిండాలను పాడుచేసే ముఖ్య కారణాలలో ఒకటి అదుపులో లేని రక్తపోటు. ఆమ్లోడిపిన్‌ను నిర్వీర్యం చేసే భారం కాలేయానిదే కనుక, మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులలో కూడా రక్తంలో దాని సాంద్రత చెప్పుకోదగినంతగా మారదు. వారికి మోతాదు తగ్గించనవసరం లేదు. ప్రోటీన్లను అంటిపెట్టుకొని, కణజాలాలలో దాగి ఉండడం చేత డయాలిసిస్ యంత్రం కూడా దీనిని తొలగించలేదు.

అర్ధాయువు, స్థిర మట్టం

రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఆమ్లోడిపిన్ అర్ధాయువు 30 నుండి 50 గంటలు. 40 గంటలు అనుకుంటే, ఈరోజు వేసుకున్న మాత్రలో రేపు ఇదే సమయానికి దాదాపు 66 శాతం ఇంకా శరీరంలోనే ఉంటుంది. దాని మీద రేపటి మాత్ర కలుస్తుంది.

అడుగున సన్నటి చిల్లు ఉన్న తొట్టిలో రోజూ ఒక బిందెడు నీళ్లు పోస్తున్నామని అనుకుందాం. మొదట్లో పోసిన దానికంటె కారేది తక్కువ కనుక మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగిన కొద్దీ చిల్లు మీద ఒత్తిడి పెరిగి, కారే నీరు కూడా ఎక్కువవుతుంది. ఒక రోజున పోసే నీరు, కారే నీరు సమానమై మట్టం నిలకడగా ఉండిపోతుంది. దీనినే స్థిర మట్టం అంటారు. మందు విషయంలోనూ ఇంతే. రోజూ 5 మి.గ్రా. మాత్ర వేసుకుంటూ, మందు అంతా శరీరంలో చేరుతుందనీ, అర్ధాయువు 40 గంటలనీ అనుకుంటే, ప్రతి మాత్ర తరువాత శరీరంలో ఉండే మందు సుమారుగా ఈ విధంగా పెరుగుతుంది:

* 1వ రోజు – 5.0 మి.గ్రా.
* 2వ రోజు – 8.3 మి.గ్రా.
* 3వ రోజు – 10.5 మి.గ్రా.
* 4వ రోజు – 11.9 మి.గ్రా.
* 5వ రోజు – 12.9 మి.గ్రా.
* 6వ రోజు – 13.5 మి.గ్రా.
* 7వ రోజు – 13.9 మి.గ్రా.
* 8వ రోజు – 14.2 మి.గ్రా.

ఎన్ని రోజులు వాడినా ఈ సంఖ్య 14.7 దగ్గర ఆగిపోతుంది. అంటే, ఏళ్ల తరబడి వాడితే మందు శరీరంలో అంతులేకుండా పేరుకుపోతుందన్న భయం నిరాధారం. ఆమ్లోడిపిన్ 7 లేక 8 రోజులలో స్థిర మట్టానికి చేరుతుంది. రక్తపోటు పూర్తిగా తగ్గినదీ లేనిదీ తేల్చుకోవడానికి వారం నుండి రెండు వారాలు ఆగాలి. వైద్యులు మోతాదు పెంచే ముందు ఇంత వ్యవధి ఇచ్చేది ఇందుకే. రెండు రోజులు వాడి, గుణం కనబడలేదని మందు మార్చడం తొందరపాటు అవుతుంది.

మాత్ర మరచిపోతే

పై లెక్కనే కొనసాగిస్తే, స్థిర మట్టంలో 14.7 మి.గ్రా. ఉన్న మనిషి శరీరంలో 24 గంటల తరువాత 9.7 మి.గ్రా. మిగులుతుంది. ఆ రోజు మాత్ర మరచిపోతే మరునాటికి 6.4 మి.గ్రా.కు దిగుతుంది. అంటే ఒక పూట మరచినంత మాత్రాన రక్షణ పూర్తిగా పోదు. అందుచేత మరునాడు రెండు మాత్రలు వేసుకోవలసిన అవసరం లేదు. మాత్ర మరచిన సంగతి 12 గంటల లోపల గుర్తుకువస్తే వెంటనే వేసుకోవాలి. 12 గంటలు దాటితే ఆ మాత్రను వదిలివేసి, తరువాతి మాత్రను మామూలు వేళకు వేసుకోవాలి.

ఉదయం మేలా, రాత్రి మేలా అన్న ప్రశ్న కూడా తరచు వినబడుతుంది. బ్రిటనులో 21,000 మందికి పైగా రోగులతో జరిగి, 2022లో ఫలితాలు ప్రకటించబడిన టైమ్ అనే అధ్యయనంలో, రక్తపోటు మందులను ఉదయం వేసుకున్నవారికీ, సాయంత్రం వేసుకున్నవారికీ గుండెపోటు, పక్షవాతం వంటి వాటిలో తేడా కనబడలేదు. మరచిపోకుండా వేసుకోగలిగిన వేళే మంచి వేళ.

మందు మానేస్తే

మందు మానివేసిన తరువాత ఐదు అర్ధాయువులు గడిస్తే దాదాపు 3 శాతం మాత్రమే మిగులుతుంది. ఆమ్లోడిపిన్‌కు ఇది ఎనిమిది రోజుల పైమాట. దీని వల్ల ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. కొన్ని మందులను అకస్మాత్తుగా మానితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది; ఆమ్లోడిపిన్‌తో ఆ ఎగబాకుడు ఉండదు. ఇది మేలు. కాని మాత్ర మానిన రెండవ రోజు, మూడవ రోజు రక్తపోటు చూపించుకుంటే అది ఇంకా తక్కువగానే కనిపించవచ్చు. అది కణజాలాలలో మిగిలిన మందు ప్రభావమని తెలియక, జబ్బు నయమైందనీ, ఇక మందు అక్కరలేదనీ భావించి చాలామంది మానేస్తారు. వారం, పది రోజుల తరువాత రక్తపోటు తిరిగి పెరిగినా, అధిక రక్తపోటుకు సాధారణంగా బాధ తెలియదు కనుక ఆ సంగతి వారి దృష్టికి రాదు. పక్షవాతమో, గుండెపోటో వచ్చిన తరువాతనే తెలుస్తుంది. ఇదే కీడు. మందు మానడం, తగ్గించడం వైద్యుని సలహాతో, కొన్ని వారాల పాటు రక్తపోటును కొలుచుకుంటూ చేయవలసిన పని.

అవాంఛిత ప్రభావాలు కూడా ఇదే క్రమంలో నిదానంగా తగ్గుతాయి. ఆమ్లోడిపిన్ వాడేవారిలో తరచు కనబడేది పాదాల వాపు. చిన్న ధమనులు వెడల్పయినంతగా సిరలు వెడల్పు కాకపోవడం వల్ల కేశనాళికలలో ఒత్తిడి పెరిగి, నీరు కణజాలాలలోకి ఊరుతుంది. ఇది మోతాదును బట్టి ఉంటుంది. అమెరికాలో అనుమతి సమయపు పరీక్షలలో 2.5 మి.గ్రా. వాడినవారిలో 1.8 శాతం మందికీ, 5 మి.గ్రా. వాడినవారిలో 3 శాతం మందికీ, 10 మి.గ్రా. వాడినవారిలో 10.8 శాతం మందికీ వాపు వచ్చింది; ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 0.6 శాతం మందికి వచ్చింది. ఈ వాపు మూత్రపిండాలు చెడినందువల్ల వచ్చినది కాదు. మూత్రం ఎక్కువగా పోయే మందులతో పెద్దగా తగ్గదు కూడా. మోతాదు తగ్గించినా, మందు మార్చినా తగ్గుతుంది; అయితే దానికి కొన్ని రోజులు పడుతుంది.

వయస్సు, కాలేయ వ్యాధులు

వృద్ధులలోనూ, కాలేయం దెబ్బతిన్నవారిలోనూ ఆమ్లోడిపిన్ నిర్మూలన మందగిస్తుంది. ఒకే మోతాదుకు వారి శరీరం మీద పడే మందు ప్రభావం మామూలు కంటె 40 నుండి 60 శాతం దాకా ఎక్కువ. అందుచేత బలహీనంగా ఉన్న వృద్ధులకూ, కాలేయ వ్యాధిగ్రస్తులకూ 2.5 మి.గ్రా.తో మొదలుపెడతారు. మామూలుగా పెద్దలకు 5 మి.గ్రా.తో మొదలుపెట్టి, అవసరమైతే 10 మి.గ్రా. దాకా పెంచుతారు. 6 నుండి 17 ఏళ్ల పిల్లలకు 2.5 నుండి 5 మి.గ్రా. ఇస్తారు. తల్లి పాలలో కూడా ఆమ్లోడిపిన్ కొద్దిగా చేరుతుంది. బరువును బట్టి లెక్కిస్తే శిశువుకు చేరేది తల్లి మోతాదులో సుమారు 4 శాతం అని కొలిచారు.

ఇతర మందులతో సంబంధం

సిప్ 3ఏ4 ఎంజైమును అణచే మందులు ఆమ్లోడిపిన్ మట్టాన్ని పెంచుతాయి. ఆ ఎంజైమును రెచ్చగొట్టే మందులు తగ్గిస్తాయి.

* క్లారిత్రోమైసిన్ – ఈ సూక్ష్మజీవి నాశకం ఎంజైమును బలంగా అణచుతుంది. ఆమ్లోడిపిన్ వంటి మందులు వాడే వృద్ధులకు దీనిని ఇచ్చినపుడు రక్తపోటు పడిపోయి, మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరవలసిన సందర్భాలు ఎక్కువయ్యాయని 2013లో కెనడా పరిశోధకులు ప్రకటించారు. ఎజిత్రోమైసిన్‌కు ఈ గుణం లేదు.
* కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ – బూజు జాతి వ్యాధులకు వాడే ఈ మందులు, హెచ్.ఐ.వి. చికిత్సలో వాడే రిటోనవిర్ కూడా ఆమ్లోడిపిన్ మట్టాన్ని పెంచుతాయి.
* డిల్టియజెమ్ – వృద్ధులలో ఇది ఆమ్లోడిపిన్ ప్రభావాన్ని సుమారు 60 శాతం పెంచింది.
* రిఫాంపిసిన్ – క్షయ వ్యాధికి వాడే ఈ మందు కాలేయంలో ఎంజైము ఉత్పత్తిని పెంచుతుంది. ఆమ్లోడిపిన్ వేగంగా విరిగిపోయి, అదుపులో ఉన్న రక్తపోటు మళ్లీ పెరుగుతుంది. క్షయ చికిత్స ముగిసిన తరువాత ఎంజైము మామూలు స్థితికి వస్తుంది కనుక, మధ్యలో పెంచిన మోతాదును మళ్లీ సరిచూడాలి.
* సిమ్వాస్టాటిన్ – ఇక్కడ కథ తిరగబడుతుంది. ఆమ్లోడిపిన్ వల్ల ఈ కొలెస్టరాల్ మందు మట్టం పెరిగి, కండరాలు దెబ్బతినవచ్చు. రెండూ కలిపి వాడేవారు సిమ్వాస్టాటిన్ రోజుకు 20 మి.గ్రా. మించరాదని 2011లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆదేశించింది.

పంపర పనసకు దగ్గరి బంధువైన గ్రేప్ ఫ్రూట్ రసం ఫెలోడిపిన్ మట్టాన్ని బాగా పెంచుతుంది. ఆమ్లోడిపిన్‌తో మాత్రం దాని ప్రభావం స్వల్పం. ఈ రసం ముఖ్యంగా ప్రేగు గోడలోని ఎంజైమును అణచుతుంది. ఆమ్లోడిపిన్ అక్కడ అంతగా నష్టపోదు కనుక కొత్తగా మిగిలేది కూడా ఉండదు.

మోతాదు మించితే

శోషణ నిదానం కావడం చేత, ఎక్కువ మాత్రలు మింగినవారు మొదటి గంటలలో బాగానే కనిపించవచ్చు. తరువాత రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయి, ఆ స్థితి చాలాసేపు కొనసాగుతుంది. మింగిన రెండు గంటల లోపల ఉత్తేజిత బొగ్గు ఇస్తే శోషణ తగ్గుతుంది. డయాలిసిస్ ఉపయోగపడదు. పొరపాటున చిన్నపిల్లలు ఈ మాత్రలు మింగితే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఇతర రక్తపోటు మందులతో పోలిక

* అటెనొలాల్ – సుమారు సగం మాత్రమే రక్తంలో చేరుతుంది. అర్ధాయువు 6 నుండి 7 గంటలు. మార్పు చెందకుండా మూత్రపిండాల ద్వారా పోతుంది కనుక మూత్రపిండ వ్యాధిలో మోతాదు తగ్గించాలి.
* లిసినోప్రిల్ – సుమారు పాతిక శాతం శోషణ చెందుతుంది. కాలేయంలో ఏ మార్పూ చెందదు. అంతా మూత్రంలోనే పోతుంది.
* టెల్మిసార్టాన్ – అర్ధాయువు సుమారు 24 గంటలు. దాదాపు అంతా పైత్యరసంలో కలిసి మలంలో పోతుంది.
* ఆమ్లోడిపిన్ – అధిక భాగం రక్తంలో చేరుతుంది. అర్ధాయువు 30 నుండి 50 గంటలు. కాలేయంలో విరిగి, ముక్కలుగా మూత్రంలో పోతుంది.

రోజుకు ఒక్క మాత్ర, ఆహారంతో నిమిత్తం లేకపోవడం, మూత్రపిండాలు చెడినవారికి కూడా మోతాదు మార్చనక్కరలేకపోవడం, చవక ధర అనే కారణాల వల్ల ప్రజారోగ్య కార్యక్రమాలలో ఆమ్లోడిపిన్‌కు ప్రాధాన్యం లభించింది. భారతదేశంలో 2017లో ప్రారంభమైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో మొదటి విడత రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటు రోగులకు ఇచ్చే ముఖ్యమైన మాత్రలలో ఆమ్లోడిపిన్ ఒకటి.

ఇవి కూడా చూడండి

* రక్తపోటు
* కాలేయం
* మూత్రపిండాలు
* ధమని
* పక్షవాతం
* అటెనొలాల్